మహావిష్ణు ఆర్కెస్ట్రా నచ్చిందా? దాని చుట్టాలను ఇలా వెతకండి

పదేళ్ల కిందట హనుమకొండ బాలసముద్రంలో ఒక అద్దెగదిలో ఉండేవాణ్ణి. సినిమాల కోసమని ఫ్రెండ్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' అని ఒక ఫోల్డర్ కనబడింది. మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బ్యాండ్ ఆల్బమ్ అది. పెట్టి చూశాను. మొదట గాంగ్ అనే పెద్ద కంచు పళ్లెం మోగింది. దాని మీద గిటార్ తీగలు ఏదో వింత లెక్కలో తిరగడం మొదలుపెట్టాయి. కాసేపటికి వయొలిన్ వచ్చి కలిసింది. ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం మూడుసార్లు విన్నాను. నెల తిరిగేసరికి ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో నోటికి వచ్చేసింది. ఇక ఇలాంటిదే ఇంకోటి కావాలనిపించింది.

నెట్‌లో వెతికితే 'జాజ్-రాక్ బ్యాండ్లు' అని నలభై పేర్ల లిస్టు దొరికింది. వరసబెట్టి అన్నీ విన్నాను. రెండు నెలలు పట్టింది. మనసుకు పట్టినవి మూడే.

లిస్టులో తప్పేం లేదు. నేను వెతికిన తీరే సరిగ్గా లేదు. జాజ్, రాక్ కలిపి వాయించే సంగీతాన్నంతా జాజ్-రాక్ అంటారు, అది మనం జానపదం అన్నట్టే చాలా పెద్ద మాట. ఒగ్గుకథ జానపదమే, బతుకమ్మ పాట జానపదమే, డప్పు దరువూ జానపదమే. ఒగ్గు డోలు మోత కోసం తపించేవాడి ముందు బతుకమ్మ పాట పెడితే విని ఊరుకుంటాడు గానీ వాడి ఆకలి తీరదు. మీకు నచ్చిన బ్యాండ్‌లో మీకు నచ్చింది సరిగ్గా ఏమిటో ముందు పట్టుకోవాలి. తర్వాత అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూసుకుని ఆ మనిషి వెంట పడాలి. నేను ఇప్పుడు వెతికేది అలాగే. మీ ఇష్టమైన బ్యాండ్ వేరేదైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది. నాకు బాగా తెలిసింది కాబట్టి మహావిష్ణు ఆర్కెస్ట్రానే ఉదాహరణగా తీసుకుంటాను.

బ్యాండ్‌ని కాదు, ఒక్క ట్రాక్‌ని ఎంచుకోండి

'నాకు ఫలానా బ్యాండ్ ఇష్టం' అనే చోట మొదలుపెడితే దారి తప్పుతారు. ఒకే పేరుతో రెండు మూడు వేర్వేరు బ్యాండ్లు ఉంటాయి. మహావిష్ణు ఆర్కెస్ట్రానే చూడండి. 1971లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, డ్రమ్స్ బిల్లీ కాబమ్, కీబోర్డ్ యాన్ హామర్, వయొలిన్ జెర్రీ గుడ్‌మన్, బేస్ రిక్ లెయర్డ్. ఒకరు ఇంగ్లండ్, ఒకరు పనామాలో పుట్టినవాడు, ఒకరు ప్రాగ్ నుంచి, ఒకరు అమెరికా, ఒకరు ఐర్లండ్. ఈ ఐదుగురు 1971లో 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్', 1973లో 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' చేసి విడిపోయారు. 1974లో అదే పేరుతో వచ్చిన 'అపోకలిప్స్'లో మెక్‌లాఫ్లిన్ తప్ప పాతవాళ్లెవరూ లేరు. పక్కన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఉంది. మొదటిది నచ్చినవాళ్లకు రెండోది నచ్చాలని లేదు.

అందుకే ఒక్క ట్రాక్. మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వినేది ఏదో అది. దాని పేరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ నోట్స్‌లో కన్నా కాగితం మీద మేలు. ముందు ముందు గీతలు గీయాల్సి వస్తుంది.

మూడుసార్లు, మూడు రకాలుగా వినండి

ఫోన్ స్పీకర్‌లో వినకండి. దాంట్లో బేస్ గిటార్ దాదాపు మాయమైపోతుంది, డ్రమ్స్‌లో పెద్ద డ్రమ్ మోత పోయి తాళాల శబ్దం ఒక్కటే మిగులుతుంది. నేను మొదటి ఏడాదంతా ఒక చవక ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. దాంట్లో అడుగు మోత తప్ప ఇంకేమీ తేలేది కాదు, వయొలిన్ ఏదో, గిటార్ ఏదో తెలిసేది కాదు. తర్వాత మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ మార్చాక అదే పాట కొత్తగా వినిపించింది. ఖరీదైనవి అక్కర్లేదు. పాటలోని ఐదుగురినీ విడివిడిగా వేలు పెట్టి చూపించగలిగితే అది చాలు.

మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే వినండి. రెండోసారి బేస్. ఇది కష్టం, చెవి జారిపోతూ ఉంటుంది, మళ్లీ తెచ్చి పెట్టుకోవాలి. మూడోసారి మీ ఒళ్లు జలదరించే క్షణం ఎక్కడ వస్తుందో చూడండి. నిమిషం, సెకను రాసుకోండి. ఆ క్షణంలో ఏం జరుగుతోందో మీ సొంత మాటల్లో రాయండి. సంగీతం చదువుకోకపోయినా ఫర్వాలేదు. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉన్నది ఇది: 'గిటార్, వయొలిన్ రెండూ ఒకే బాట మీద భుజం భుజం రాసుకుంటూ పరుగెడతాయి. కింద డ్రమ్స్ వేరే పరుగు. పడిపోతారేమో అనిపిస్తుంది, పడరు.' ఈ మూడు వాక్యాలు నలభై పేర్ల లిస్టు కంటే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

వేళ్ల మీద లెక్క కట్టండి

చాలామంది ఈ పని వదిలేస్తారు, నేను మాత్రం అస్సలు వదలొద్దంటాను. జాజ్-రాక్‌లో ఒక బ్యాండ్‌కీ ఇంకో బ్యాండ్‌కీ తేడా సగం లెక్కలోనే ఉంటుంది. మామూలు రాక్, మన సినిమా పాట ఎక్కువగా నాలుగులో నడుస్తాయి, అంటే నాలుగు దెబ్బలకోసారి చుట్టు మళ్లీ మొదటికి వస్తుంది. మహావిష్ణు ఆర్కెస్ట్రా అక్కడ ఆగదు.

'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'లో 'వైటల్ ట్రాన్స్‌ఫర్మేషన్' అనే ట్రాక్ పెట్టండి. మొదట బిల్లీ కాబమ్ డ్రమ్స్ ఒక్కటే వస్తాయి. మీ బొటనవేలిని చిటికెన వేలి అడుగు కణుపు మీద పెట్టండి. మన అమ్మమ్మలు నెలలు లెక్కపెట్టినట్టే, దెబ్బకో కణుపు ఎక్కండి. చిటికెన వేలు మూడు, ఉంగరపు వేలు మూడు, నడిమి వేలు మూడు. నడిమి వేలి పై కణుపు అయిపోగానే చూపుడు వేలికి పోకుండా మళ్లీ చిటికెన వేలి అడుగుకు దిగండి. డ్రమ్స్ కూడా సరిగ్గా అక్కడే మొదటికి వస్తాయి. తొమ్మిది. ఎనిమిదికే దిగితే ప్రతి చుట్టుకూ ఒక్కో కణుపు తేడా వచ్చేసి, నాలుగు చుట్లకు పూర్తిగా దారి తప్పుతారు. మొదటిసారి చేతిలో పట్టు దొరకదు. వేగం ఎక్కువ. సగం వేగంలో పెట్టి విని, పట్టు దొరికాక మామూలు వేగానికి రండి. యూట్యూబ్‌లో వేగం తగ్గించే సదుపాయం ఉందిగా.

మృదంగం తెలిసినవాళ్లకు ఇది ఇంకా తేలిక. తకధిమి తకతకిట అనుకుంటూ పోతే సరి. కాబమ్ విరుపులు అలాగే ఉండకపోవచ్చు గానీ మొత్తం తొమ్మిదే. వరంగల్‌లో మృదంగం నేర్పే ఒక మాస్టారుకి నేను ఈ ట్రాక్ వినిపించాను. ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో. రెండు చుట్లు తిరిగేలోపే తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టి 'సంకీర్ణం కదయ్యా' అన్నారు. తర్వాత 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' పెట్టాను. అది పద్దెనిమిది. ఆయన కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, మూడో చుట్టుకు పట్టుకున్నారు. అది చూశాక ఈ సంగీతం మనకు దూరం కాదని నాకు గట్టిగా అనిపించింది. మూడు తిశ్రం, నాలుగు చతురశ్రం, ఐదు ఖండం, ఏడు మిశ్రం, తొమ్మిది సంకీర్ణం అని పేర్లు పెట్టుకుని వందల ఏళ్లుగా ఆడుకుంటున్న వాళ్లం మనం.

ప్రాక్టీస్ కావాలంటే తేలికైనవి ముందు చేయండి. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' ఐదు. పింక్ ఫ్లాయిడ్ 1973 పాట 'మనీ' ఎక్కువ భాగం ఏడు, తకిట తకధిమి అనుకుంటూ వినండి. ఈ రెండూ చేతికి వచ్చాక తొమ్మిది భయపెట్టదు.

లెక్క తెలిస్తే లాభం ఏమిటంటే, మీకు నచ్చింది ఈ తిరకాసు లెక్కా, లేక నాలుగులో నడిచే దరువు ఊపా అన్నది తేలిపోతుంది. అక్కడే దారి రెండుగా చీలుతుంది.

మీ వాడ ఏది?

నోట్‌బుక్‌లో రాసింది ముందు పెట్టుకుని, కింద చెప్పిన వాడల్లో మీది ఏదో చూసుకోండి.

మీకు నచ్చింది ఊపు అయితే, అంటే పాట మొదలవగానే తల దానంతట అదే ఊగితే, హెర్బీ హాంకాక్ 1973 ఆల్బమ్ 'హెడ్ హంటర్స్' దగ్గరికి వెళ్లండి. లెక్క తేలికే, కానీ దరువు మీద దరువు పేర్చిన తీరు వింటుంటే కూర్చోబుద్ధి కాదు. ఈ కాలం వాళ్లలో స్నార్కీ పపీ ఉంది. 2000ల మొదట్లో అమెరికాలోని టెక్సస్‌లో మైకేల్ లీగ్ మొదలుపెట్టిన పెద్ద గుంపు. వాళ్ల వీడియోల్లో వాయించేవాళ్ల మొహాలు కూడా చూడొచ్చు, ఒకరికొకరు సైగలు చేసుకోవడం చూడొచ్చు. కొత్తవాళ్లకు అది చాలా సాయం.

పెళ్లి బరాత్‌లో బ్యాండ్ మేళం ట్రంపెట్ ఎత్తుకోగానే మీ ఒళ్లు పులకరిస్తుందా? అయితే మీ వాడ వేరు. చికాగో బ్యాండ్ 1969లో తెచ్చిన మొదటి ఆల్బమ్, 1968లో మొదటి ఆల్బమ్ తెచ్చిన బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్. ఇక్కడ పాట ఉంటుంది, పాడేవాళ్లు ఉంటారు, వెనక ఊదేవాళ్ల వరస ఉంటుంది.

మంచి మాటలు, నున్నటి శబ్దం, ప్రతి వాయిద్యం అద్దంలా తేలడం ఇష్టపడేవాళ్లు స్టీలీ డ్యాన్‌తో మొదలుపెట్టాలి. 1977 ఆల్బమ్ 'ఏజా' వినండి. ఆల్బమ్ పేరే పెట్టిన ట్రాక్‌లో శాక్సోఫోన్ వేన్ షార్టర్, డ్రమ్స్ స్టీవ్ గాడ్. స్టీలీ డ్యాన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి ఇబ్బంది పెట్టకండి. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. వాళ్లకు కావాల్సింది క్రూసేడర్స్, లారీ కార్ల్‌టన్ లాంటివాళ్లు.

ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ అనే ఊరి చుట్టూ పెరిగిన బ్యాండ్లది ఇంకో వాడ. సాఫ్ట్ మెషీన్ 1970 ఆల్బమ్ 'థర్డ్'లో మొత్తం నాలుగే ట్రాక్‌లు, రికార్డు ఒక్కో వైపుకు ఒక్కోటి. ఓపిక ఉన్నవాళ్లకే. నాకు మూడేళ్లు పట్టింది దాంతో చెలిమి కుదరడానికి, ఇప్పుడు వదలలేను.

ఇక నా వాడ నిప్పులవాడ. వేగం, తిరకాసు లెక్క, జుగల్బందీ. దీని సంగతే వివరంగా చెబుతాను.

ఎవరి పిల్లవు అని అడగండి

ఊళ్లోకి కొత్త మనిషి వస్తే మన పెద్దవాళ్లు మొదట అడిగేది 'ఎవరి పిల్లవు బిడ్డా? మీదే ఊరు?' అని. రెండు మూడు ప్రశ్నల్లో ఎక్కడో ఒక చుట్టరికం తేలుతుంది. బ్యాండ్‌ని కూడా అలాగే అడగాలి. ఆల్బమ్ వెనక అట్ట మీద పేర్లు ఉంటాయి. అట్ట మన దగ్గర లేకపోయినా డిస్కాగ్స్, ఆల్‌మ్యూజిక్ లాంటి సైట్లలో ఎవరు ఏం వాయించారో మొత్తం దొరుకుతుంది, ఒక పేరు నొక్కితే ఆ మనిషి వాయించిన ఆల్బమ్‌లన్నీ వస్తాయి.

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసుకుని మధ్యలో మీ బ్యాండ్ పేరు రాయండి. చుట్టూ మనుషుల పేర్లు. ఒక్కొక్కరి నుంచి రెండు గీతలు గీయండి. ఒకటి వెనక్కి, అంటే ఇక్కడికి రాకముందు ఎక్కడ వాయించాడు. ఒకటి ముందుకు, అంటే విడిపోయాక ఎక్కడికి వెళ్లాడు.

ముందు డ్రమ్మర్ గీత పట్టుకోమని నా సలహా. గిటార్ వాయించేవాడు బ్యాండ్ మారితే శబ్దం మారొచ్చు. డ్రమ్మర్ ఎక్కడికి వెళ్లినా తన నడకను వెంట తీసుకుపోతాడు. బిల్లీ కాబమ్ గీత ముందుకు లాగితే 1973లో తన సొంత ఆల్బమ్ 'స్పెక్ట్రమ్' తగులుతుంది. కీబోర్డ్ అదే యాన్ హామర్, గిటార్ టామీ బోలిన్. మహావిష్ణు కంటే కాస్త నేల మీద నడిచే సంగీతం, నిప్పు మాత్రం అదే. అందులోని 'స్ట్రేటస్' ట్రాక్ బేస్ వరసను మాసివ్ అటాక్ 1991లో తమ పాటలో వాడుకుంది. ఇప్పుడు కాబమ్ గీత వెనక్కి లాగండి. 1970లో డ్రీమ్స్ అనే బ్యాండ్. అందులో ట్రంపెట్ ర్యాండీ బ్రెకర్, శాక్సోఫోన్ మైకేల్ బ్రెకర్. ర్యాండీ అంతకుముందు బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ మొదటి ఆల్బమ్‌లో ఉన్నాడు. చూశారా, నిప్పులవాడ నుంచి ట్రంపెట్‌వాడకు రెండే గడపలు. రెండు వాడలూ ఇష్టమైనవాళ్లకు డ్రీమ్స్ మంచి మజిలీ.

యాన్ హామర్ గీత ఇంగ్లండ్ గిటారిస్టు జెఫ్ బెక్ దగ్గరికి తీసుకెళ్తుంది. 1976 'వైర్డ్'లో హామర్ కీబోర్డ్ వింటుంటే అది గిటారో కీబోర్డో తెలియదు. దాని ముందు 1975లో వచ్చిన 'బ్లో బై బ్లో' కూడా వినండి. దాని నిర్మాత జార్జ్ మార్టిన్. మహావిష్ణు 'అపోకలిప్స్'కీ నిర్మాత ఆయనే. ఇలా నిర్మాత గీత కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది వయొలిన్ గీత. జెర్రీ గుడ్‌మన్ వెనక్కి వెళ్తే చికాగోకు చెందిన ది ఫ్లాక్. మహావిష్ణులో అతని చోటుకు 1974లో వచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్-లూక్ పోంటీ. పోంటీ సొంత ఆల్బమ్‌ల్లో 1976 'ఇమాజినరీ వోయేజ్', 1977 'ఎనిగ్మాటిక్ ఓషన్' నా నోట్‌బుక్‌లో రెండేసి నక్షత్రాలు సంపాదించాయి. ఆ రెండోదాంట్లో గిటార్ వాయించినవాళ్లలో అలన్ హోల్డ్స్‌వర్త్ ఒకడు. ఆ గీత పట్టుకుంటే ఇంకో కొత్త ఊరే తెరుచుకుంటుంది. 1975లో సాఫ్ట్ మెషీన్ 'బండిల్స్', అదే ఏడాది డ్రమ్మర్ టోనీ విలియమ్స్‌తో 'బిలీవ్ ఇట్', 1976లో గాంగ్ అనే బ్యాండ్‌తో 'గజూజ్', 1979లో ఇంకో డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్‌తో 'వన్ ఆఫ్ ఎ కైండ్'. బ్యాండ్లు నాలుగు, కాలం నాలుగేళ్లు, కానీ ఆ తీగ జారుడు ఒక్కటే. మొదటి సెకనులో గుర్తుపట్టేస్తారు.

తల్లివేరు ఎక్కడుంది?

గీతలు గీస్తూ పోతే కొన్ని ఒకేచోట కలుస్తాయి. అక్కడ ఆగండి. జాజ్-రాక్‌లో ఆ చోటు ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్. 1969లో వచ్చిన 'ఇన్ ఎ సైలెంట్ వే', 1970లో వచ్చిన 'బిచెస్ బ్రూ' రెండిటి పేర్లపట్టిక చదవండి. మెక్‌లాఫ్లిన్ రెండిటిలోనూ ఉన్నాడు. రెండోదాంట్లో ఒక ట్రాక్ పేరే 'జాన్ మెక్‌లాఫ్లిన్'. అక్కడి జో జవినుల్, వేన్ షార్టర్ కలిసి వెదర్ రిపోర్ట్ పెట్టారు. చిక్ కొరియా రిటర్న్ టు ఫరెవర్ పెట్టాడు, తర్వాత దాంట్లోకి లెనీ వైట్ డ్రమ్స్‌కు వచ్చాడు. హెర్బీ హాంకాక్ సంగతి పైనే చెప్పాను. టోనీ విలియమ్స్ 1969లోనే లైఫ్‌టైమ్ పెట్టి మెక్‌లాఫ్లిన్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అంటే ఈ పెద్ద పేర్లన్నీ ఒకే గదిలో కలిసి వాయించినవాళ్లవే. కానీ ఒక హెచ్చరిక. తల్లివేరు కదా అని అక్కడి నుంచే వినడం మొదలుపెట్టకండి. 'బిచెస్ బ్రూ' పొడుగ్గా, చీకట్లో నడిచినట్టు ఉంటుంది. మొదట దాన్నే పెట్టుకుని విసిగిపోయి మొత్తం జాజ్-రాక్‌నే వదిలేసినవాళ్లను చూశాను. ముందు పిల్లల్ని వినండి. వెదర్ రిపోర్ట్ 1977 'హెవీ వెదర్', రిటర్న్ టు ఫరెవర్ 1976 'రొమాంటిక్ వారియర్' తేలిగ్గా లోపలికి రానిస్తాయి. వాళ్ల గొంతులు గుర్తుపట్టడం వచ్చాక తల్లి దగ్గరికి వెళ్తే, ఆ చీకట్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో మీకే తెలుస్తుంది.

యాప్‌లు, సైట్లు

ఇవి చివర్లో వాడాలి, మొదట్లో కాదు. మీకేం కావాలో మీకు తెలియకపోతే యాప్‌కీ తెలియదు.

లాస్ట్ ఎఫ్ఎం సైట్‌లో ఒక బ్యాండ్ పేజీకి వెళ్తే దాన్ని వినేవాళ్లు ఇంకేం వింటున్నారో దాన్నిబట్టి పోలిన పేర్లు చూపిస్తుంది. మ్యూజిక్ మ్యాప్‌లో పేరు కొడితే దాని చుట్టూ మిగతా పేర్లు తేలుతుంటాయి. దగ్గరగా ఉన్నవి రెండూ ఒకే మనిషికి నచ్చే అవకాశం ఎక్కువ. రెండిటిలోనూ పెద్ద పేర్లే ముందొస్తాయి, కాబట్టి మొదటి పదింటినీ వదిలేసి కింద ఉన్నవి చూడండి. స్పాటిఫై లాంటివాటిలో బ్యాండ్ పేరు మీద రేడియో పెట్టకుండా మీ నోట్‌బుక్‌లోని ఆ ఒక్క ట్రాక్ మీద పెట్టండి. చాలా తేడా ఉంటుంది. యూట్యూబ్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే మూడో వీడియోకల్లా అందరూ వినే పాటల్లోకి లాక్కుపోతుంది. బ్యాండ్ పేరు, పక్కన సంవత్సరం, లైవ్ అని కొట్టి మీరే వెతుక్కోండి. పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోనే కొట్టాలి. ఊరికే ఫ్యూజన్ అని కొడితే సినిమా పాటల కవర్లు కుప్పలుగా వచ్చి పడతాయి.

మనుషుల్ని అడిగేటప్పుడు

'అన్నా, మంచి జాజ్-రాక్ ఏదైనా చెప్పవా' అని అడిగితే ఎవరైనా తమకు నచ్చిందే చెబుతారు, మీకు నచ్చేది కాదు. కాజీపేటలో ఒక చర్చిలో కీబోర్డ్ వాయించే అన్నను నేను ఇలా అడిగాను: 'అన్నా, నాకు మహావిష్ణు 1971 ఆల్బమ్ ప్రాణం. దాంట్లో గిటార్, వయొలిన్ కలిసి ఉరకడం ఇష్టం. పాడేవి వద్దు. రిటర్న్ టు ఫరెవర్ విన్నా, బాగుంది గానీ వయొలిన్ లేని లోటు తెలుస్తోంది. ఏం వినమంటవు?' ఆయన కాసేపు ఆలోచించి, 'డిక్సీ డ్రెగ్స్ విన్నవా తమ్మీ?' అన్నాడు. వినలేదు. ఆ పేరు ఏ లిస్టులోనైనా కనబడినా నేను దాటేసి ఉంటాను. అమెరికా దక్షిణాది బ్యాండ్ అది. గిటార్ స్టీవ్ మోర్స్, పక్కన వయొలిన్. 1978 ఆల్బమ్ 'వాట్ ఇఫ్'. మహావిష్ణులో ఉండే ఆ ఉరుకుకు పల్లెటూరి హుషారు కలిపినట్టు ఉంటుంది. ఆ రాత్రి నిద్రపోలేదు.

ఏ ట్రాక్, దాంట్లో ఏది ఇష్టం, ఏది వద్దు, ఇప్పటికే ఏం విన్నారు, అది ఎందుకు చాలలేదు. ఈ ఐదు చెబితే చాలు. వాయించేవాళ్లను అడగండి. పాశ్చాత్య సంగీతమే తెలిసి ఉండాలని లేదు. పైన చెప్పిన మృదంగం మాస్టారు 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' విన్నాక ఇయర్‌ఫోన్ తీసి, 'ఈ గిటారాయనే కదా మన విక్కు వినాయక్‌రామ్ ఘటంతో కలిసి వాయించింది?' అన్నారు. పదేళ్లుగా నా ముందే ఉన్న దారిని ఆయన ఒక్క ప్రశ్నతో చూపించారు.

ఇంటికి వచ్చే దారి

మహావిష్ణు నడుస్తున్న రోజుల్లోనే మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నాడు. తర్వాత శక్తి అనే బృందం కట్టాడు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్. 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్ అంతకుముందు ఏడాది జరిగిన కచేరీ రికార్డింగే. ఎలక్ట్రిక్ గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, కరెంటు మోత లేదు. అయినా గిటార్, వయొలిన్ భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తడం అక్కడా ఉంది. నా నోట్‌బుక్ మొదటి పేజీలోని మూడు వాక్యాలు అక్షరం మార్చకుండా దీనికి సరిపోయాయి. వాయిద్యాల పేర్లు చూసి 'ఇది రాక్ కాదుగా' అని పక్కన పెట్టి ఉంటే నాకు ఇది దొరికేది కాదు. పోలిక వాయిద్యాల్లో కాదు, అవి కలిసి నడిచే తీరులో వెతకండి.

1990ల చివర్లో రిమెంబర్ శక్తి అని మళ్లీ కట్టారు. దాంట్లో మాండలిన్ యు. శ్రీనివాస్, మన పాలకొల్లు బిడ్డ. 2000లో వచ్చిన 'ది బిలీవర్' వినండి. ఆ చిన్న ఎలక్ట్రిక్ మాండలిన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌ను ప్రశ్న అడగడం, గిటార్ జవాబు చెప్పేలోపే ఇంకో ప్రశ్న వేయడం చెవులారా వినాలి. ఆయన 2014లో నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. శక్తి పేరుతో 2023లో వచ్చిన 'దిస్ మూమెంట్'కు ఆ మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. ఇదే దారిలో ఇంకో గడప దాటితే విజయ్ అయ్యర్ పియానో, ప్రసన్న గిటార్, హైదరాబాద్ నుంచి వెళ్లిన నితిన్ మిట్టా తబలాతో 2011లో వచ్చిన 'తీర్థ' ఉంది. అది నెమ్మదైనది, రాత్రిపూట వినేది.

కొత్త బ్యాండ్‌కు ఎంత టైమ్ ఇవ్వాలి

ముప్పై సెకన్లు విని తేల్చేయకండి. ఈ సంగీతంలో మొదటి రెండు నిమిషాలు ఊరికే దారి వేయడానికే పోతాయి. నేను ఒక్కో బ్యాండ్‌కు మూడు అవకాశాలు ఇస్తాను. ఒక ట్రాక్ ఒక రోజు, అదే ట్రాక్ నాలుగు రోజుల తర్వాత మళ్లీ, తర్వాత ఒక పూర్తి ఆల్బమ్. మూడూ అయ్యాక నచ్చకపోతే పేరు పక్కన ఎందుకు నచ్చలేదో ఒక్క మాట రాసి వదిలేస్తాను. 'కీబోర్డ్ ఎక్కువ', 'లెక్క ఉంది, ప్రాణం లేదు' ఇలా. ఆ మాటలే రేపు ఎవరినైనా అడిగేటప్పుడు పనికొస్తాయి.

పూర్తి ఆల్బమ్ వినడానికి నాకు దొరికిన మంచి చోటు రైలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు, రెండు గంటలకు అటూ ఇటూ. ఆ కాలపు ఆల్బమ్‌లు నలభై నిమిషాలు, నలభై ఐదు నిమిషాలు ఉంటాయి. కాజీపేటలో ఎక్కగానే పెడితే జనగామ దాటాక మొదటిది అయిపోతుంది. సిగ్నల్ పోయే చోట్లు ఉంటాయి కాబట్టి ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మొదటిది అయ్యాక వెంటనే రెండోది పెట్టకుండా ఆలేరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను. మనసులో ఏ వరస తిరుగుతోందో చూసుకుంటాను. ఏదైనా తిరుగుతుంటే ఆ బ్యాండ్ నాకు దొరికినట్టే. ఏమీ తిరగకపోతే రెండోది పెడతాను.

దొరికిన ప్రతి బ్యాండ్‌కూ కొత్త పేజీ తీసి మళ్లీ మధ్యలో పేరు, చుట్టూ మనుషులు, గీతలు. నా నోట్‌బుక్‌లో ఇప్పుడు తెరిచి ఉన్న పేజీ ఎల్. శంకర్‌ది. అతని గీత ముందుకు లాగితే 1979లో అమెరికా గిటారిస్టు ఫ్రాంక్ జప్పా నిర్మించిన ఒక ఆల్బమ్ తగిలింది. జప్పా గీత వెనక్కి లాగితే 1969 'హాట్ రాట్స్'. దాంట్లో వయొలిన్ వాయించినవాళ్లలో జాన్-లూక్ పోంటీ ఉన్నాడు, ఐదేళ్ల తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రాలోకి వచ్చిన ఆ పోంటీయే. గీత ఊరంతా తిరిగి మొదలైన గడపకే వచ్చింది. 'హాట్ రాట్స్' నేనింకా పూర్తిగా వినలేదు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను, శనివారం కాజీపేటలో రైలెక్కాక పెడతాను.